కాటా గదిలో ల్లాన్‌గారూ

రాత్రి పదింటికి కాటా గదిలోకొస్తాను.
ఖనిజం దుమ్ము నాకన్నా ముందే వచ్చి
కుర్చీలో కూర్చుని ఉంటుంది.
తువ్వాలుతో దాన్ని లేపి, నేను కూర్చుని,
పాత కంప్యూటర్లో ఒక పక్క లారీల లెక్క,
ఇంకో పక్క వేల్స్‌లో ఓ చిన్న ఊరి
ఫుట్‌బాల్ జట్టు తెరుస్తాను.

ఆటలో వందల జట్లున్నాయి.
పేరు చూసి తీసుకున్నాను దీన్ని: ల్లాన్‌గారూ.
ఆ మొదటి ల్ల ఎలా పలకాలో ఇప్పటికీ రాదు.
జోడుగుళ్ళపాలెం రాళ్ళ మీంచి
కెరటం వెనక్కి జారే చప్పుడట.
నాకు చివరున్న గారూ చాలు.
పదకొండేళ్ళుగా ఈ కిటికీ దగ్గర
నన్నెవరూ గారూ అనలేదు.
"ఏయ్ కాటా!" అంటారు, హారన్ కొట్టి.

మొదటి ఏడు మా ఖజానాలో ఉన్నది
ఒక లారీ టైర్ల ఖరీదు.
గోల్‌కీపర్ పగలు ఉత్తరాలు పంచుతాడు.
కుడివైపు ఆడేవాడికి
గొర్రెలు ఈనే నెలలో సెలవు కావాలి.
మైదానం నిండా నీళ్ళని మ్యాచ్ మూడుసార్లు వాయిదా.
ఆ నీళ్ళు నాకు తెలుసు,
జ్ఞానాపురంలో అక్టోబరు నీళ్ళు.

అంకెల మనిషిని నేను.
నిండు లారీ తూకంలోంచి ఖాళీ లారీ తూకం తీసేస్తే
మిగిలిందే సరుకు.
అక్కడా మనుషులు అంకెలే.
గెథిన్ ప్రోబర్ట్, మా కెప్టెన్, ముప్పై ఆరేళ్ళు,
ధైర్యం పదిహేడు, వేగం నాలుగు.
నాలుగు!
మా మేనత్త పూర్ణా మార్కెట్ నుంచి
కూరల సంచితో నడిచొచ్చే వేగం.
అయినా మూల నుంచి బంతి లేస్తే
అతని తల అక్కడుండేది, ఎప్పుడొచ్చిందో తెలీకుండా.

రెండో ఏడు ఒక మెట్టెక్కాం.
మూడో ఏడు జారబోయి ఆగాం.
మంచి ఆటగాణ్ణి ఒకణ్ణి అమ్మి
గ్యాలరీకి పైకప్పు వేయించాను,
లేని వానలో లేని జనం తడవకూడదని.
నాలుగో ఏడు బోర్డు జీతాలు కోయమంది.
గెథిన్ పేరు మీద బాణం పెట్టి
గంటసేపు నొక్కలేదు.

మా ఎల్లాజీని తీసేసినప్పుడు
కాంట్రాక్టరు గంటసేపు ఆలోచించాడా?
పాతికేళ్ళు ఈ కాటా మీద చక్రాలాగే చప్పుడు విని
"తడి సరుకురా బావు, రెండొందల కేజీలెక్కువ" అనేవాడు,
మీటరు చూడకుండానే.
టెండరు మారింది.
ఒక శుక్రవారం టిఫిన్ డబ్బా, గొడుగు, వాసుపల్లి ఎల్లాజీ,
ముగ్గురూ గేటు దాటారు.
బయటికెళ్ళిన బరువెంతో
ఎవరూ చీటీ కొట్టలేదు.

నొక్కాను.
అవకాశమిచ్చినందుకు ధన్యవాదాలని
తెర మీద ఒక వాక్యం వచ్చింది.
అందరికీ అదే వస్తుంది, తెలుసు.
అరగంట తర్వాత అతన్నే
పిల్లల జట్టు కోచ్‌గా పెట్టుకున్నాను,
జీతం నా జీతంలోంచి.
ఆటలో అలా కుదరదు.
కాయితం మీద రాసుకున్నాను.

నిన్న రాత్రి ఆఖరి మ్యాచ్. గెలిస్తే పై డివిజన్.
ఎనభై ఎనిమిదో నిమిషం, ఒకటీ ఒకటీ,
మూల నుంచి బంతి లేచింది
హారన్.
ఒడిశా నంబరు, పదహారు చక్రాలు,
నిద్రలేని డ్రైవరు.
మీటరు చూడకుండా చక్రాల చప్పుడు విన్నాను.
"తడి సరుకు" అన్నాను పెద్దమనిషిలా.
తప్పు. నలభై కేజీలు తక్కువే ఉంది.
వాడు నవ్వి చీటీ లాక్కుపోయాడు.

తిరిగొచ్చేసరికి రెండూ ఒకటీ.
కొట్టింది పదిహేడేళ్ళ ఇఫాన్,
గెథిన్ తయారు చేసిన పిల్లాడు.
తలతో.

డాల్ఫిన్స్ నోస్ మీద దీపం ఆరింది.
మసేనమ్మ టీ ఫ్లాస్కుతో వచ్చింది.
"మనోళ్ళు పైకెళ్ళారు" అన్నాను.
"ఎవులు?"
"ల్లాన్‌గారూ."
"ఆరికీ ఓ కప్పు పొయ్యాలేటి?"
పొయ్యమన్నాను.

కిటికీలో పెట్టిన రెండో కప్పు మీద
అప్పుడే ఎర్రదుమ్ము వాలుతోంది.
అది చల్లారేదాకా చూసి
అదీ నేనే తాగేశాను.