పావు వంతు

క్లాక్స్‌విక్‌లో డిసెంబరు. మూడింటికే చీకటి.
చేపల ఫ్యాక్టరీ నుంచి వచ్చి
హోగ్నీ బూట్లు విప్పకుండానే ఆటలో దూరతాడు.

పోయినసారి పది రోజుల్లో నలభయ్యో లెవెల్.
కొండ రాక్షసుడు ఒక్క వేటుకే కూలాడు.
ఆ తర్వాత ఆ రాజ్యమంతా
పెళ్లయిపోయిన పందిట్లో తిరిగినట్టు తిరిగాడు.

వాడు నిద్రపోతుంటే
ఫైలు తెరిచి ఒక్క అంకె మార్చాను.
ఎంత పోరాడినా ఇక దక్కేది పావు వంతే.

మూడు వారాలైంది. ఇంకా ఆరో లెవెలే.
తుప్పు కత్తి, అతుకుల డాలు.
వంతెన మీద తోడేలుంటే
చుట్టూ తిరిగి, వాగులో దిగి పోతున్నాడు.
ఏ ఆకు ఏ విషానికి విరుగుడో నోటికొచ్చు.
సత్రం ముసలామె పేరు తెలుసు, ఆమె అప్పులూ తెలుసు.
వానొస్తే చూరు కింద ఆగుతున్నాడు.
ఆటలో వాన అది, తడిస్తే ఏమీ కాదు,
అయినా.

నిన్న రాత్రి కేక: "అక్కా, తోడేలు పడింది!"
సగం తొక్క తీసిన బంగాళాదుంపతోనే పరిగెత్తాను.
లెవెల్ గీత వెంట్రుకవాసి జరిగింది.

"ఈ ఆటకేదో అయింది," అన్నాడు
నా వంకే చూస్తూ.
"బాగుచెయ్యనా?"
మాట్లాడలేదు.
కాసేపాగి, వంగి
బూట్లు విప్పుకున్నాడు.