మూసిన పిడికిలి

మల్కాపురంలో రేషన్ డిపో వెనక సందు.
రేకుల షెడ్డు మా ప్రార్థనశాల.
దాని వెనక గది ఇంకా చిన్నది.
ఉన్న ఒక్క కిటికీ మూసే ఉంటుంది.
బల్ల మీద పాలపొడి డబ్బా,
మూతకి చెయ్యి పట్టేంత కంత.
అంచులు గీరుకోకుండా
సైకిల్ ట్యూబు చుట్టి ఇచ్చాడు నఫ్తాలి,
షిప్‌యార్డులో వెల్డరు.

శుక్రవారం పొద్దు వాలకముందే
ఒక్కొక్కరం లోపలికి వెళ్తాం.
పిడికిలి మూసుకుని వెళ్ళాలి,
పిడికిలి మూసుకునే రావాలి.
వేసినవాళ్ళెవరో, తీసినవాళ్ళెవరో
డబ్బాకి తెలుసు.
దానికి నోరుంది గానీ మాటల్లేవు.

ఈ పద్ధతి పెట్టింది హుల్దా మామ్మ.
గుంటూరు మిరప యార్డులో కళ్ళు మండించుకుని
మొగుడి వెంట పోర్టు పనికి వచ్చిన మనిషి.
సముద్రాన్ని నమ్మేది కాదు,
లెక్కల్ని నమ్మేది.
"దానం అన్నారంటే మూతి మీద కొడతాను.
సెదకా అంటే న్యాయం రా.
నీ దగ్గర ఎక్కువున్నది
నీదేనని ఎవడు చెప్పాడు నీకు?"

మామ్మ పోయాక పద్దుల పుస్తకం నాకొచ్చింది.
షబ్బాతు నాడు డబ్బు ముట్టం కాబట్టి
ఆదివారం పొద్దున్నే ఎంచుతాను.
పేర్లు రాయం. ఖర్చులే రాస్తాం.

దీపాలకి నూనె, నూట ఎనభై.
పదో మనిషికి ఆటో, నలభై.
(పదిమంది మగాళ్ళు లేనిదే ప్రార్థన నిండదు,
మాకెప్పుడూ తొమ్మిదిమందే,
ఆ పదోవాడు ఒబద్యా, పోర్టులో షిఫ్టు దిగి రావాలి.)
తెల్లగుడ్డ ఏడు మీటర్లు.
అది ట్రంకుపెట్టెలో ఎప్పుడూ ఉండాలి,
చావు ముందుగా కబురు పంపదు.
ఒక అమ్మాయి పరీక్ష ఫీజు.
ఎవరమ్మాయో రాయలేదు.
ఇంటర్ చదివే పిల్లలు మాలో ఇద్దరే!
తెలిసీ తెలియనట్టుండటం కూడా పనే,
దానికీ సాధన కావాలి.

హుద్‌హుద్ నాడు మా కప్పు లేచిపోయింది.
మర్నాడు ఆకాశం కింద పొయ్యి పెట్టాం.
డబ్బాలో ఉన్నదంతా బియ్యమైంది, పప్పైంది.
వరసలో పక్క వీధి పల్లెవాళ్ళు కూడా నిలబడ్డారు.
"వీళ్ళు మనవాళ్ళు కాదు కదా" అన్నారెవరో
మెల్లిగా.
మామ్మ ఆ మాట వినలేదో, విన్నదో,
గరిటె మాత్రం ఆగలేదు.

మరుసటి నెల ఒక శుక్రవారం
గంప దించింది నూకాలు.
"సొర తేనేదమ్మా, మీరు తినరు కదేటి,
పొలుసున్నదే ఏరి తెచ్చినాను."
చేతులు కొంగుకి తుడుచుకుని
ఎవరూ చెప్పకుండానే
వెనక గదిలోకి వెళ్ళింది,
పిడికిలి మూసుకుని.

ఇంకొక మాట పుస్తకంలో లేదు.
మా ఆయన క్రేను కాంట్రాక్టు పోయిన ఏడు
మూడు శుక్రవారాలు
నా పిడికిలి ఖాళీగా వెళ్ళి నిండుగా వచ్చింది.
తీసింది నేను, ఆదివారం ఎంచిందీ నేనే.
వందలు ఎంత తగ్గాయో నాకు ముందే తెలుసు,
అయినా రెండుసార్లు ఎంచాను.
అందులో ఒక నోటు మూల చిరిగి
టేపుతో అతికించి ఉండేది.
దాంతో నూనె కొన్నాను కంచరపాలెంలో.
రెండేళ్ళ తరవాత అదే నోటు
డబ్బా అడుగున కనబడింది.
అదేనా అంటే ఒట్టు వెయ్యలేను.
టేపు మాత్రం అలాగే పసుపెక్కి ఉంది.

ఇవాళ్టికి తొమ్మిదిమంది వచ్చారు.
ఒబద్యా ఆటో సింధియా జంక్షన్‌లో ఇరుక్కుందట.
కొండ మీద ఎండ సన్నబడుతోంది.
వత్తులు తడిపి పెట్టాను, అగ్గిపెట్టె చేతిలో ఉంది.
వెనక గది తలుపు ఎవరో దగ్గరకి వేసుకున్నారు.
చెప్పుల్ని బట్టి పోల్చుకోవచ్చు.

నేను వాకిలి వైపు చూడను.