అచ్చుతప్పు

మా ఊరికి రెండు ప్రభుత్వాలు.
సాలూరు నుంచి ఒక బియ్యం సంచి,
పొట్టంగి నుంచి ఇంకొకటి.
రెండు బోర్లు వేశారు, రెంటిలోనూ నీళ్లు రావు.
ఎన్నికలొస్తే ఒక వేలికి సిరా ఆరకముందే
పక్క వేలు చాపమంటారు.

ఇంట్లో ఇద్దరం.
నేను జన్ని సోములమ్మని, అల్లం పండిస్తాను.
తాడింగి సుబాసిని బడిలో పిల్లలకి వండుతుంది.
పదకొండేళ్లుగా ఒకే కుంపటి, ఒకే దుప్పటి.
చలి ముదిరితే రెండో దుప్పటి ఉంది గాని, తీయం.

సాలూరు వైపు కార్డులో తను నాకు చెల్లెలు.
రాసినావిడ "నీకేటవుద్ది?" అనడిగి,
మేం ఒకరి మొహం ఒకరు చూసుకునేలోగా
తనే రాసేసింది.

పొట్టంగి వైపు సంగతి వేరు.
ఆ గుమస్తాకి తెలుగు రాదు, మాకు ఒడియా సగమే వచ్చు.
వానలో వచ్చాడు, టీ తాగాడు,
సోములమ్మలో అమ్మని కోసేసి సోములు అని రాసుకుపోయాడు.
సోములు, పురుషుడు.
సుబాసిని, భర్త పేరు సోములు.
కార్డులొచ్చాక బడి మాస్టారు చదివి చెబితే
సుబాసి కడుపు పట్టుకుని నవ్వింది.
ఆ రాత్రి దీపం తీసేశాక మాత్రం
కార్డుని వేలితో తడుముతూ పడుకుంది.
ఒడియా అక్షరాలన్నీ గుండ్రం,
ఎక్కడ మొదలో ఎక్కడ చివరో తెలీట్లేదంది.

ఢిల్లీలో పెద్దకోర్టు తీర్పు చెప్పిన రోజు
మా కొండకి సిగ్నలు లేదు.
సుంకి ఘాటీ మలుపులో, లారీలు ఆగే చోట,
ఒక ఫోనుకి రెండు చెవులు ఆనించి విన్నాం.
మాలాంటోళ్ల పెళ్లి హక్కు కాదట.
ఇవ్వాలంటే ఓట్లతో గెలిచినోళ్లు ఇవ్వాలట, తమ పని కాదట.
సుబాసి వేళ్లు లెక్కపెట్టింది.
"నాకు రెండు, నీకు రెండు. నాలుగున్నాయి కదే మనకి."
లారీ క్లీనరు బఠాణీలు పెట్టాడు, తిన్నాం.
దిగొచ్చేటప్పుడు ఏమీ మాట్లాడుకోలేదు,
అల్లం ధర తప్ప.

మరుసటి నెల కొత్త గుమస్తా వచ్చాడు, చదువుకున్న కుర్రాడు.
జాబితా చూశాడు, నన్ను చూశాడు, చెవులు ఎర్రబడ్డాయి.
"తప్పు పడింది. సవరణ ఫారం నింపండి, డబ్బులేం అక్కర్లేదు."

"ఉండనీ" అంది సుబాసి.
"ఎవడికి బరువు? ఇన్ని కాగితాల్లో ఒక్కటైనా
మనల్ని కలిపి కుట్టింది."
"నేను మగాణ్ణి కాను" అన్నాను.
"అది నాకు తెలుసు."
"వాళ్లకి తెలీదు. వాళ్లిచ్చింది నాకు కాదు సుబాసీ,
సోములుగాడికి. వాడెవడో నేనెప్పుడూ చూడలేదు.
వాడి పెళ్లాన్ని నేనుంచుకున్నట్టుంది."
నవ్వుతుందనుకున్నాను.
పొయ్యిలో కట్టె తడిదంటూ కళ్లు తుడుచుకుంది.
ఆ ఫారం రాగుల డబ్బాలో ఉంది, ఇంకా.

పోలింగు రోజు ఆడవాళ్ల వరసలో నిలబడ్డాను.
బల్ల వెనక మనిషి పైకి చదివాడు: "సోములు. పురుషుడు."
ఏజెంట్లు తలెత్తారు. ఒకడు కిసుక్కుమన్నాడు.
"ఈ సోములు ఎక్కడ?"
నా నోరు ఎండిపోయింది.
వెనక నుంచి సుబాసి,
పిల్లలకి పప్పు వడ్డించేటప్పటి గొంతుతో,
"అదే, మా ఇంటిమనిషి. రాసింది మీరే కదా, వెయ్యనియ్యండి."

సిరా పెట్టారు.
వచ్చాక చింతపండుతో తోమాను, పోలేదు.
వచ్చే నెల సాలూరు వైపు పోలింగు.
అక్కడ నేను సోములమ్మనే, అమ్మతో సహా.
అక్కడ తను నాకు చెల్లెలు.