సందు

కంపెనీ పుస్తకంలో ఆరు మిల్లీమీటర్లు.
టైరుకీ ఫ్రేముకీ నడుమ
కందిగింజ పెట్టి చూసినా, దూరలేదు.

జమ్మలమడుగు దాటినాక శనగచేల దారిలో
వాన వెలిసిన పొద్దున
బ్యాటరీ నిండుగా ఉన్న కొండసైకిలు
రేగడి నమిలి, మింగలేక
నిలబడిపోయింది.
మౌలాలి భుజానేసుకొచ్చినాడు:
ఇరవైనాలుగు కిలోలు, బురద కాక.

"లావు టైరు మీరే వేసినారు" అని జవాబు.
వేసింది మీరే సామీ, బిల్లు చూడండి.
"బురద వారంటీలోకి రాదు" అని ఇంకోటి.
మరి పేరులో కొండ ఎందుకు పెట్టినారు?

మూడో జాబు రాయలేదు.
చక్రం విప్పి, గీకిన మట్టిని
అరకిలో తూచి, డబ్బాలో కట్టినా.
పోస్టాఫీసులో రజియా అడిగింది, లోపల ఏముందని.
దారి, అని చెప్పినా.

అంగట్లో మౌలాలి
కొత్త టైరు గుబ్బల్ని
కత్తితో చెక్కుతా ఉన్నాడు.