మూడు మిల్లీమీటర్లు

షార్జాల, టైర్ల దుకాణం ఎనుక మా ప్రెస్సు.
చేరిన నాడే బీరాన్ కాక అడిగిండు,
"బ్లీడ్ అంటే ఎరుకేనా?"
వేళ్లు చూసుకున్న. యాడ నెత్తురు లేదు.

కాక నవ్వి కాగితం పరిచిండు:
కోసే గీత దాటి
ఇంకో మూడు మిల్లీమీటర్లు రంగు పొయ్యాలె.
అది కత్తికే పోతది. తెలిసే పొయ్యాలె.
లేకుంటే కోత వెంట్రుకవాసి జరిగినా
అంచు తెల్లగ పళ్లికిలిస్తది.

కోరుట్లల మా సత్తెమ్మ
రేకు ముక్క పెట్టి తునికాకు కత్తిరిస్తది.
రేకు బయట రాలింది చాటల కుప్ప,
దానికి కూలి లేదు.
"సమజైంది కాకా" అన్న.

గ్రిప్పర్ అంటే
మిషను కాగితాన్ని పంటితో పట్టే జాగ.
అక్కడ సిరా పడొద్దు.
నా పాస్‌పోర్టు ఎవరి బీరువల ఉన్నదో
కాక అడగలే, నేను చెప్పలే.

ఎరుపు డబ్బా కోసం దినమంత దేవులాడిన.
ఎరుపు లేదట!
మెజెంటా మీద పసుపు కూసుంటేనే మిరపపండు.
సరిగ కూసోకుంటే రిజిస్టర్ తప్పినట్టు,
మనిషికి రెండు మూతులొస్తయి.

అరబీ పుస్తకం కుడిదిక్కు కుట్టాలె.
నేను మూడు వందలు ఎడమకు కుట్టిన.
తప్పు కాక తన మీదేసుకున్నడు.
ఆ నెల ఆయన చాయ తాగలే.

ఇగ ప్రూఫు.
కిరాణా సేటు కరపత్రం అచ్చయినంక వచ్చి లొల్లి పెట్టిండు,
బెండకాయ ధర తప్పని.
కాక మాట్లాడలే. ప్రూఫు తీసి
కింద సేటు సంతకం మీద వేలు పెట్టిండు.
సంతకమైనంక తప్పు కూడ ఒప్పే.

అరబీ అంకెలు అప్పటికి నేర్చిన.
ఎనిమిది గుడిసె కప్పు లెక్క ఉంటది, సున్న ఉత్త చుక్క.
జగిత్యాలల ఏజెంటు నోట్ల పదిహేను వందలు.
నేను సంతకం పెట్టిన కాగితం మీద
ఒక గుడిసె కప్పు, రెండు చుక్కలు.
ఇన్నేండ్లకు చదివిన.

ఆ రాత్రి రూముల ఏడుగురం
సేటు వద్దన్న కాగితం ఒకటి పరిచి
బెండకాయల మీద పచ్చిపులుసు గిన్నె పెట్టినం.
"ఈ మూలకు గీతలేంది?" అన్నడు హన్మాండ్లు.
కోసే గుర్తులన్న.
"మరి రంగు గీత దాటింది గద?"
గంతే దాటాలె అన్న, వేలు సందుతో చూపిస్త.
ఒక మెతుకు ఆడనే పడ్డది.
ఏరుకొని తిన్న.