ఆఖరి పదకొండు పేజీలు

అబర్డీన్‌లో సాయంత్రం ఏడింటికి తాడు విప్పితే
లెర్విక్‌లో పొద్దున ఏడున్నరకి కడతారు.
మధ్యనున్న రాత్రి నాది.
కడుపులో తిప్పినవాళ్లకి బకెట్టు,
నిద్ర పట్టనివాళ్లకి టీ,
ఎవరికీ ఏమీ అక్కర్లేనప్పుడు
నాకో పుస్తకం.

ఇది రెండువందల పన్నెండో గదిలో
దిండు కింద దొరికింది.
అట్ట మీద మెట్లు, మెట్ల మీద తడి.
ఎవరో మరిచిపోయారనుకున్నాను, పాపం.

కథలో హెస్టర్ అని ఒకావిడ.
రోజూ తెల్లారేసరికి ఆమె ఇంటి మెట్ల మీద
తడి పాదాల గుర్తులు.
అన్నీ పైకి వెళ్లేవే.
దిగినవి ఒక్కటీ లేవు.
మొగుణ్ణి పిలిచి చూపిస్తుంది.
"ఎక్కడ?" అంటాడు.
అనేసి,
ఆ తడి తొక్కకుండా, కాలు ఎత్తి దాటి,
పైకి వెళ్తాడు.

నా టీ చల్లారింది అక్కడే.
కనిపించనిదాన్ని ఎవరైనా దాటుతారా?

మూడు ప్రయాణాలు చదివాను.
సంబరో కొన దీపం వచ్చిపోయే వెలుగులో
ఒక పేరా, చీకట్లో ఒక అనుమానం.
డెక్కు తుడుస్తూ బూట్ల గుర్తులు
ఎటు వెళ్తున్నాయో చూడ్డం అలవాటైంది.
వంటగదిలో లౌరీతో పందెం కూడా:
మొగుడేనని వాడు,
మొగుడికి తెలిసినవాళ్లెవరోనని నేను.
ఓడినవాళ్లు నెల రోజులు బంగాళాదుంపలు వొలవాలి.

మిగిలినవి పదకొండు పేజీలు.
అప్పటిదాకా పేరైనా వినని డాక్టరొకడు
తలుపు తోసుకొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.
ఏడు పేజీలు ఊపిరి తీసుకోకుండా మాట్లాడాడు.
ఎవరూ రాలేదట.
రాత్రిళ్లు ఆమే కాళ్లు తడుపుకుని
ఆమే మెట్లెక్కేదట.
దానికో జబ్బు పేరు చెప్పి
బాగ్ మూసుకుని వెళ్లిపోయాడు.
మిగతా నాలుగు పేజీల్లో వసంతం వచ్చింది.

మరి మొగుడు దాటాడు కదా?
ముందుకీ వెనక్కీ తిప్పాను.
ఒక్క ముక్క లేదు.
రాసినవాడికే గుర్తు లేదేమో.

కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు.
ఎలుకైనా నయం, ప్రాణమున్నది.
నా చేతికొచ్చింది చీటీ.
దాని మీద 'ఎలుక' అని రాసుంది.

"ఇంతేనా?" అన్నాడు లౌరీ.
"ఇంతే."
ఇద్దరం దుంపలు ముందేసుకుని కూర్చున్నాం.

కోపం పుస్తకం మీదేనా అంటే, ఏమో.
యెల్ దీవిలో మా అమ్మ, చివరి రెండు చలికాలాలూ,
నాలుగు కొట్టగానే కిటికీ దగ్గర
ఇంకో కప్పు పెట్టేది.
నిండా పోసేది.
ఎదుటివాళ్లు తాగేదాకా
తను ముట్టుకునేది కాదు.
డాక్టరు జబ్బు పేరు చెప్పాడు, నిజం డాక్టరే,
మంచివాడు, మంచులో కారు తోసుకుంటూ వచ్చాడు.
ఆ పేరు బాగా పొడుగైనది.
కప్పు ఎవరికో మాత్రం అందులో లేదు.

ఒకరోజు నేనా కప్పులో పంచదార వేశాను.
"వేసుకోడని ఎన్నిసార్లు చెప్పాలే ఇంగ్రీ!"
అని చెయ్యి మీద కొట్టింది.
మా నాన్న మూడు చెంచాలు వేసుకునేవాడు.

ఆ తర్వాత వెయ్యడం మానేశాను.
ఎవరని అడగలేదు.
ఇప్పుడు అడగడానికి ఎవరూ లేరు.
పిచ్చి అన్న ఒక్క మాటతో
అన్ని తలుపులకీ తాళం పడుతుందని
వాడికెవరు చెప్పారు?

పుస్తకాన్ని సముద్రంలో పారేద్దామనుకున్నాను.
బ్రెస్సే దీపం కనబడేసరికి మనసు మారి
రెండువందల పన్నెండులో
దిండు కిందే పెట్టేశాను.
వాళ్లు మరిచిపోలేదని అప్పుడర్థమైంది.

తిరిగి వస్తుంటే
అయిదో డెక్కు మెట్ల మీద తడి.
వాన పడుతోంది, ఎవరో పైకెళ్లి ఉంటారు.
బకెట్టు చేతిలోనే ఉంది.
తుడవాలి, నా జీతం దానికే.

కాలు ఎత్తి, దాటి వెళ్లాను.