నిష్పాక్షిక నాణెం

పరకాల బస్సు దిగి కిలోమీటరున్నర నడిస్తే మా బడి,
మూడు దిక్కుల పత్తి చేను, ఒక దిక్కు రోడ్డు.
ఆ పొద్దు సంభావ్యత పాఠం.
"ఒక నిష్పాక్షిక నాణెమును ఎగురవేసిన" అని
పుస్తకంల ఉన్నది ఉన్నట్టు చదివిన.

మూడో బెంచీల జన్ను ప్రణీత లేచింది.
"సార్, మన క్లాసుల నలభై రెండు మందిమి.
బాత్రూములు కడిగేతందుకు వారానికి ఆరు పేర్లు.
బడి తెరిచి పదకొండు వారాలు.
నా పేరు తొమ్మిదిసార్లు వచ్చింది.
చిట్టీలు తీస్తే గిట్లనే వస్తదా?"

ఎవ్వరు నవ్వలే.
సుద్దముక్క తీస్కొని లెక్క మొదలువెట్టిన,
పిల్లల ముందల తప్పించుకునుడు రాక.
ఆరు బై నలభై రెండు, అంటే ఏడింట ఒకటి,
బోర్డు నిండింది, తుడిచిన, మళ్ల నిండింది.
జవాబు:
పది లక్షల సార్లల్ల ఒక్కసారి.

"అయితే ఇది చిట్టీల పని కాదు" అని
కూసున్నది.

ఆ లిస్టు నా చేతిరాత.
నేనెవ్వరి కులం ఎన్నడు అడగలే, ఒట్టు.
అడగకుండనే నా చెయ్యికెట్ల తెలిసింది?
మంద, జన్ను, సిలువేరు,
మంద, సిలువేరు, జన్ను.

సాయంత్రం బీరువా తీసిన. తుమ్ముకుంట తుమ్ముకుంట
పాత రిజిస్టర్లు కింద పరిచిన.
సిరా మారింది, సారు మారిండు, హెడ్మాస్టర్లు ఎనిమిది మంది మారిండ్రు.
వాడ మారలే.
ఒక రిజిస్టర్ల గుండ్రటి అక్షరాలు గుర్తువట్టిన,
నాకు లెక్కలు నేర్పిన సారువి.
నేను గూడ ఈ బడి పిల్లగాణ్నే.
హాజరు పట్టీల నా పేరున్నది,
కడుగుడు లిస్టుల ఐదేండ్లు వెతికినా లేదు.
లేదన్న సంగతి
ముప్పై ఏండ్లు నాకు యాదికే రాలే.

తెల్లారి ప్రణీత నాయనమ్మ దగ్గరికి పోయిన.
మిరప నారు కట్టలు కడుతున్నది.
"జర చెప్పు పెద్దమ్మా, మీకేం జరిగిందో తెలుసుకుంట" అన్న.
తలెత్తలే.
"మాకు జరిగింది మాకెరుకే సారూ.
జేసినోళ్లు మీ ఇంట్ల ఉన్నరు గద,
వాళ్లనడుగు, వాళ్లు చెప్తె నాగ్గూడ చెప్పు."

మా అమ్మనడిగిన.
టీవీ సప్పుడు పెంచింది.
వాకిలూడ్చే సారమ్మకు చాయ పోసే గ్లాసు
వాషింగ్ మిషన్ వెనుక, సబ్బు డబ్బా పక్కన బోర్లించి ఉన్నది.
దాంట్లనే చాయ పోస్కొని అమ్మ ముందల తాగిన.
తాగినంక సిగ్గయింది.
నాకది ఒక్క పూట ఆట,
సారమ్మకు పంతొమ్మిదేండ్లు.

సోమవారం జామెట్రీ బాక్సుల చిట్టీలేసిన.
నా పేరు, పెద్దసారు పేరు గూడ.
పెద్దసారు తనది తీసి జేబుల పెట్టుకున్నడు.
మొదటి చిట్టీ రైస్ మిల్లాయన బిడ్డది.
పొద్దుమూకేసరికి గేటు కాడ నాలుగు బైకులు.
"ఆరేండ్ల సంది మంచిగనే చెప్తివి గద సారూ, ఏమైందిప్పుడు?"
ఏమైందో చెప్పబోయిన, గొంతు రాలే.
తెల్లారి బకెటు నేనే పట్టుకున్న. చీపురు ఎట్ల పట్టాల్నో రాక
ప్యాంటు తడుపుకున్న.

ప్రణీత తలుపు కాడ నిలవడి చూసింది, మెచ్చుకోలే.
"అందరితోని కడిగిపిస్తె సమానమైతదా సార్?
ఏ పిల్లలైనా ఎందుకు కడగాలె?"

ఆ మాటకు మండలాఫీసుకు దరఖాస్తు రాసిన:
మనిషిని పెట్టుండ్రి, జీతమియ్యుండ్రి, చేతులకు తొడుగులియ్యుండ్రి.
ఆమెకు చూపిచ్చిన.
చదివి, ఎర్ర పెన్నడిగి, "మనిషిని" కింద గీత గీసింది.
"ఆ మనిషిని ఏ వాడకెల్లి తెస్తరో
గది గూడ అడుగుండ్రి."

మళ్ల రాస్తున్న. ఇది నాలుగో కాయితం.
రాత్రి పదకొండయింది. పొయ్యి మీద పప్పు మాడిన వాసన.
అమ్మ లోపలికెల్లి పిలుస్తున్నది,
ఏం రాస్తున్నవురా అని.